బులెట్టుకి ముగ్గు

విశ్వకర్మ పూజ ఇంకా మూడు రోజులుందనగా ఖరగ్‌పూర్‌లో ఒక వరండాలో విన్న మాటలివి. మథురాకాటీ వైపు, రైల్వే క్వార్టర్లు దాటాక వచ్చే సందులో ఇల్లు. మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరైన మనిషి. వాళ్ళ తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడే దిగిపోయాడు. మూడు తరాలైనా ఇంట్లో 'ఏటి', 'బేగి' పోలేదు. వాటి పక్కన హిందీ, బెంగాలీ కూడా చాప పరుచుకున్నాయి, అంతే.

మేనల్లుడు బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చాడు. తండ్రి పోయి రెండేళ్ళయింది. ఆయన బులెట్టు అప్పట్నుంచీ గోనెసంచుల కింద ఉంది. 1986 నాటి బండి. పోత ఇనుప బోరు, అల్యూమినియం హెడ్డు, కుడికాలికి గేరు. సెప్టెంబరు 17కి దాన్ని అద్దంలా మెరిపించి బొట్టు పెట్టించాలని కుర్రాడి పంతం. మన ఆయుధపూజ దసరాకి. బెంగాల్లో యంత్రాలకి పండగ విశ్వకర్మ పూజే. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి రెండూ ఉన్నాయి.

నేను టీకి వెళ్ళినవాణ్ణి. తీర్పు చెప్పమన్నారు ఇద్దరూ. చెప్పకుండా విన్నాను.

అల్లుడు: జరుగు మావా. ప్లగ్గు నీ వెనకాల ఉంది. గ్రైండర్ పెట్టాలి.

మావయ్య: నేను ఈ స్టూలు దిగను.

అల్లుడు: ఇదేటి, సమ్మా? 1928లో వి.వి. గిరి గారు నడిపించిన బి.ఎన్.ఆర్. సమ్మె అనుకున్నావేటి?

మావయ్య: అది పనిలోంచి తీసేసిన వాళ్ళ కోసం చేశారు. నేను మీ నాన్న బండి కోసం చేస్తున్నాను. ముందు ఆ సంచీలో ఏముందో బయటపెట్టు.

అల్లుడు: గ్రైండరుకి తగిలించే వైరు చక్రం. 80 నంబరు ఎమరీ. కొంచెం ఇనుప పీచు. మగ్గుడు పెట్రోలు. తుప్పు మీద పోసే యాసిడ్ సీసా. పెట్రోలు తప్ప అన్నీ గోల్‌బజార్‌లో ఒకే కొట్లో దొరికాయి.

మావయ్య: అగ్గిపెట్టె మరిచిపోయావు.

అల్లుడు: ఎందుకు?

మావయ్య: నువ్వు మరిచిపోయినా మీ అత్త మరిచిపోలేదు. దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది చూడు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, పాములా నేలబారున పాకుతుంది. గది గుమ్మం దాటి దీపం దాకా వెళ్ళి, మంటని వెంటబెట్టుకుని నీ మగ్గు దాకా వస్తుంది. చలికాలం అర్ధరాత్రి కూడా అంటుకోడానికి తగినంత ఆవిరి వదిలే సరుకది. తీసుకెళ్ళి టాంకీలో పొయ్యి.

అల్లుడు: మరి జిడ్డు దేంతో తియ్యను? రేషన్ కిరసనాయిలు ఏ కాలం మాట?

మావయ్య: డీజిలుతో తియ్యి. కిరసనాయిలు దొరికితే అదీ మంచిదే. నలభై డిగ్రీల దరిదాపుల్లో వేడెక్కితే గాని దానికి అంటుకునే బుద్ధి పుట్టదు. ఇక్కడ మే నెల ఎండలో దాన్నీ నమ్మననుకో. నడిచే బండైతే ఇంజను రాత్రంతా చల్లారి ఉండాలి. వరండాలో కాదు, పెరట్లో. దీపానికి, గ్యాసు పొయ్యికి దూరం. తుడిచిన గుడ్డలు ముద్ద చేసి మూల పడేయకు, దండెం మీద విడివిడిగా ఆరేసి తరవాత మూతున్న డబ్బాలో పెట్టు.

అల్లుడు: సరే, పెట్రోలు తప్పే. యాసిడ్ మాటేటి?

మావయ్య: మా షాపులో బోగీ ఫ్రేముల్ని కాస్టిక్ సోడా కాగే తొట్లో ముంచేవాళ్ళం. బాష్ అంటాం దాన్ని. ఉక్కుకి ఏమీ కాదు, ఏళ్ళనాటి జిడ్డు మాత్రం చారులా దిగిపోతుంది. అదే తొట్లో అల్యూమినియం వెయ్యి. బుసబుసా పొంగి, లోహాన్ని తింటూ హైడ్రోజన్ వదుల్తుంది. అది ఇంకో అగ్గి. మీ అత్తని అడుగు, సోడా నీళ్ళలో అల్యూమినియం దాక నానేస్తే ఎలా నల్లబడుతుందో. యాసిడ్‌దీ అదే కథ, రుచి వేరు. ఇనుముకి, అల్యూమినియానికి ఒకే మందు వాడేవాడు వైద్యుడు కాడు.

*

ఇక్కడిదాకా కుర్రాడు ఓడుతూ వచ్చాడు. అసలు తగువు గ్రైండరు దగ్గర వచ్చింది.

అల్లుడు: మావా, నువ్వు జిడ్డుతో ఆగిపోతున్నావు. బోరు చూడు. రెక్కల మధ్య తుప్పు పెచ్చులు లేచింది. నీ డీజిలు తుప్పుని తియ్యదు. తుప్పు మీద రంగేస్తే పెచ్చుతో పాటు రంగూ రాలుతుంది. ఈ వానల్లో ఆ పెచ్చు కింద చెమ్మ నిలబడి ఇంకా తింటుంది. గోకక తప్పదా, తప్పుతుందా?

మావయ్య: తప్పదు. గోకు.

అల్లుడు: ఆఁ?

మావయ్య: ఇనుపబోరు గోకమనే అంటున్నాను. చేత్తో. పాత హ్యాక్సా బ్లేడుకి ఎమరీ గుడ్డ ఒక చుట్టు చుట్టి, రెక్క పొడుగునా లాగు. అడ్డంగా కాదు. పోత ఇనుము రెక్క కొసలో పెళుసు. సుత్తితో చిన్న దెబ్బ తగిలినా అప్పడంలా విరుగుతుంది. విరిగింది అతకదు. 80 నంబరుతో పెచ్చు ఊడాక 220తో గీతలు చంపు. తరవాత వేడికి తట్టుకునే నల్లరంగు, పల్చగా, రెండు పూతలు. మందంగా పూస్తే బోరుకి దుప్పటి కప్పినట్టే.

అల్లుడు: నలుపే ఎందుకు? మెరిసే వెండి రంగు వేస్తే ఏం?

మావయ్య: నలుపు వేడిని బేగి వదుల్తుంది. తళతళలాడే లోహం వేడిని పట్టుకు కూర్చుంటుంది.

అల్లుడు: అది నిలబడ్డ బండికి మావా. పరిగెత్తే బండి వేడిని మోసుకుపోయేది గాలి. రెక్కలున్నది ఆ గాలికి చోటు పెంచడానికే. ప్రయాణంలో రంగు పంచుకునే వాటా కొంచెమే. రెక్కల మధ్య బురద, జిడ్డు పేరుకుంటే వచ్చే నష్టం ముందు రంగు సంగతి లెక్కలోకి రాదు.

మావయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా చెప్తున్న మాట అది.

మావయ్య: అయితే నలుపు ఎందుకు పెట్టారంటావు?

అల్లుడు: తుప్పు పట్టకుండా ఏదో ఒక రంగు కావాలి. నలుపులో జిడ్డు కనబడదు. నిలబడ్డప్పుడు నువ్వన్న లాభమూ కొంత ఉంది.

మావయ్య: జిడ్డు కనబడకపోవడం లాభమేట్రా. సరే, అది నీది. రాసుకో.

అల్లుడు: మరి గ్రైండరు ఇవ్వు. చేత్తో అయితే దసరా వస్తుంది.

మావయ్య: పట్టాలు అతికేటప్పుడు ఎప్పుడైనా చూశావా? రెండు పట్టాల కొసల చుట్టూ మట్టి అచ్చు బిగించి, పైన కుండలో పొడి పోసి ముట్టిస్తారు. తెల్లటి వెలుగు. ఉక్కు నీరై కారి సందు నిండుతుంది. థర్మిట్ అంటారు. ఆ పొడిలో ఏముంటుంది?

అల్లుడు: అల్యూమినియం పొడి. ఇనుము ఆక్సైడు.

మావయ్య: ఇనుము ఆక్సైడుని ఇంట్లో ఏమంటాం?

అల్లుడు: ...తుప్పు.

మావయ్య: ఇప్పుడు చెప్పు. అదే చక్రంతో ముందు హెడ్డు గోకుతావు, అల్యూమినియం పొడి రాలుతుంది. తరవాత బోరు గోకుతావు, తుప్పు పొడి రాలుతుంది, నిప్పురవ్వలు కూడా నువ్వే ఇస్తావు. రెండూ ఒకే గోనెసంచీ మీద. పక్కన పెట్రోలు మగ్గు.

అల్లుడు: మావా, గుప్పెడు ధూళితో పట్టాలు కరగవు. నువ్వు మరీ బెదిరిస్తున్నావు.

మావయ్య: పట్టాలు కరగవు. సంచీ అంటుకుంటే చాలదా? అల్యూమినియం పొడి ఒక్కటే కూడా మెత్తగా గాల్లో లేస్తే నిప్పుకి ఎదురెళ్తుంది. అందుకే రెండు లోహాలకీ రెండు రోజులు, రెండు కాగితాలు, మధ్యలో నేల తుడుపు. అల్యూమినియం దగ్గర పొడి పనే వద్దు. వాటర్ పేపర్ తడిపి పట్టు. ధూళి బురదైపోతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోదు.

నిజానికి ఈ థర్మిట్ మాట విన్నాక నా కాళ్ళు నేనే స్టూలు కిందికి లాక్కున్నాను. రైల్వే ఊళ్ళో భయాలు కూడా రైల్వేవే. వాళ్ళిద్దరూ ఎమరీ, ఎమరీ అంటుంటే నాకు మరో సంగతి గుర్తొచ్చింది. ఎమరీ అంటే కురువిందంలో ఇనుము ఆక్సైడు కలిసిన రాయి. ఇంగ్లీషువాళ్ళ కోరండమ్ మన దక్షిణాది కురువిందం నుంచి వెళ్ళిందే. చెప్దామనుకున్నాను. వినే స్థితిలో ఎవరూ లేరు.

అల్లుడు: చక్రం వద్దంటావు, కాగితం తడపమంటావు. ఇనుప పీచు?

మావయ్య: అల్యూమినియం మీదా? దాని ముక్కలు లోహంలో గుచ్చుకుని ఉండిపోతాయి. మర్నాడు మంచుకి గోధుమరంగు చుక్కలు లేస్తాయి. ఇంజనుకి అమ్మవారు పోసినట్టుంటుంది. నైలాను బ్రష్షు, పాత పళ్ళ బ్రష్షు, మరీ మొండిదైతే ఇత్తడి బ్రష్షు. వైరు చక్రం మాటంటావా, దాని తీగలు తిరుగుతూ తిరుగుతూ విరిగి ఎగురుతాయి. కళ్ళద్దాలు తెచ్చావా? లేదు. మెళ్ళో గమ్‌ఛా మాత్రం వేలాడేసుకున్నావు. చక్రం దాన్ని అందుకుంటే మెడ ఎటు తిప్పాలో అదే చెప్తుంది.

అల్లుడు గమ్‌ఛా తీసి దండెం మీద వేసి, బండిని పెరట్లోకి దించాడు. మాట మాత్రం దించలేదు.

*

అల్లుడు: నువ్వొకటి మరిచిపోతున్నావు. చిన్నప్పుడు నాకు చెప్పిందంతా నువ్వే. స్టీమ్ ఇంజన్ల కాలంలో డ్రైవరు తన ఇంజనుకి ఇత్తడి తోమించుకునేవాడని, కనెక్టింగ్ రాడ్లు వెండి కడ్డీల్లా ఉండేవని. మీరు మెరిపిస్తే భక్తి, నేను మెరిపిస్తే సోకా?

మావయ్య: రాడ్లకి రంగెందుకు వెయ్యలేదు?

అల్లుడు: అందానికి.

మావయ్య: పగులు కనబడ్డానికి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ రాడ్డుని లాగి, తోసి, వంచి వదుల్తుంది. ఎక్కడో వెంట్రుకంత పగులు పుడుతుంది. రంగుంటే దాని కింద దాక్కుంటుంది. అందుకే ఒంటిమీద బట్ట లేకుండా ఉంచి నూనె గుడ్డతో తుడిచేవాళ్ళు. తుడిచే చేతికి తగలాలి, కంటికి ఆనాలి. తుడవడమంటే మాకు చూడ్డం. మెరుపు ఊరికే వచ్చేది. అడ్డంగా గీత పడిందంటే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. గీత దగ్గరే పగులు మొదలవుతుంది.

అల్లుడు: నేనూ చూస్తాను కదా, గోకాక.

మావయ్య: గోకాక ఏం కనిపిస్తుంది? ఇలా రా. ఇక్కడ వేలు పెట్టు. హెడ్డుకీ బోరుకీ మధ్య. ఎలా ఉంది?

అల్లుడు: పొడిగా, బూడిదలా.

మావయ్య: ఇప్పుడు టైమింగ్ కవరు అడుగున.

అల్లుడు: తారులా అంటుకుంటోంది.

మావయ్య: అక్కడ కారుతోందన్నమాట. పొడి మురికి రోడ్డుది, తడి మురికి ఇంజనుది. ఇది తుడిచేస్తే నీకు కారే చోటు ఎవరు చెప్తారు? ముందు ఫోనులో ఫొటో తియ్యి. తరవాత డీజిలు పట్టు. ఆ కవరు కింద గాస్కెట్టో స్క్రూలో చూడాల్సి ఉంటుంది. కవరు ఊడదీస్తే గాస్కెట్టు కూర్చునే అంచు జోలికి ఎమరీ పోకూడదు. వెంట్రుకంత లోతు పోయినా మళ్ళీ కారుతుంది.

అల్లుడు: ఫొటో తీశాను. ఇంకేటి?

మావయ్య: నోళ్ళు ముయ్యి.

అల్లుడు: నేనేమన్నాను?

మావయ్య: నీది కాదు, ఇంజనుది. స్పార్కు ప్లగ్గు ఊడదీయకు, అదే ఒక బిరడా. కార్బురేటరు నోరు, సైలెన్సరు నోరు, క్రాంకు తిరిగే చాంబరు ఊపిరి పీల్చే బ్రీదరు గొట్టం. ఎమరీ గింజ ఒక్కటి లోపలికి పోయినా పిస్టనుకీ బోరుకీ మధ్య తన ఎమరీ పని తను చేస్తుంది, నువ్వు ఆపమన్నా ఆపదు. బాటరీ వైరు విప్పు. వైర్ల మీదకి, పాయింట్ల డబ్బా మీదకి నీళ్ళ పైపు పెట్టకు. గుడ్డలు కుక్కావా, ప్రతి గుడ్డకీ ఎర్ర పీలిక కట్టి బయటికి వేలాడెయ్యి. ఎన్ని పెట్టావో గోడ మీద రాయి. కిక్కు కొట్టేముందు అన్నీ చేతికి రావాలి.

అల్లుడు: ఎర్ర జెండా. రైల్వే బుద్ధి.

మావయ్య: నీ జీతం ఏ బుద్ధితో వస్తుందో నాకు తెలీదు. నా పింఛను ఈ బుద్ధితోనే వస్తోంది. ఇంకోటి. బోరు అడుగున చాంబరు మీద కొట్టిన నంబరుంది చూశావా?

అల్లుడు: ఇంజను నంబరు. దాన్ని కూడా తళతళలాడిస్తే...

మావయ్య: అరిగిపోతే ఆర్‌సీ పుస్తకంలో ఉన్న బండీ పెరట్లో ఉన్న బండీ వేరైపోతాయి. రేపు నీ పేరుకి మార్చుకోడానికి వెళ్తే, దొంగబండి కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. దాని మీద టేపు అంటించు. ఆ జాగా గుడ్డతో తప్ప ముట్టుకోకు.

ఇవన్నీ కుర్రాడు చేశాడు, గొణుక్కుంటూనే. సైలెన్సరు హెడ్డుకి కలిసేచోట పాత గాస్కెట్టు పొడి రాలుతుంటే ఊదబోయాడు. మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కాలపు గాస్కెట్లలో, బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. ఊదకూడదు, తడిగుడ్డతో అద్దుకోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో వెటకారం లేదు.

*

అల్లుడు: ఇప్పుడు అల్యూమినియం కవర్లు. వీటిని వదలను. ఇవి కంపెనీనుంచి పాలిష్‌తోనే వచ్చాయి. నాన్న ఆదివారం ఆదివారం తుడిచేవాడు. నేను కొత్తగా సోకు చెయ్యడం లేదు, ఉన్నదాన్ని తెస్తున్నాను.

మావయ్య: అల్యూమినియం తన చొక్కా తనే కుట్టుకుంటుంది. గాలి తగలగానే పల్చటి పొర కడుతుంది. అదే దానికి కాపలా. నువ్వు గోకి తీస్తే మళ్ళీ కడుతుంది. ఈ వానాకాలంలో నీ అద్దం పది రోజులకి మసకబారుతుంది. ఎవరు తోముతారు? నువ్వు బెంగళూరులో ఉంటావు.

అల్లుడు: పాలిష్ అయ్యాక మైనం పూస్తాను.

మావయ్య: వేడికి కరిగిపోతుంది.

అల్లుడు: కవర్లు బోరంత కాలవు. కొన్నాళ్ళు ఆగుతుంది. పోతే మళ్ళీ పూస్తాను. 600తో మొదలుపెట్టి, 800, 1000, ఆఖర్న పాలిష్ ముద్ద. ప్రతి కాగితానికీ దిక్కు మార్చి, ముందు కాగితం గీతలు పోయేదాకా. నీళ్ళు పోస్తూనే. ఇందులో తప్పేటి?

మావయ్య: పనిలో తప్పు లేదు.

అల్లుడు: మరి?

మావయ్య: ఇక్కడ చూడు, గేరు పెడలు పైన. కవరు మీద ఈ అరుగుడు. మీ నాన్న బూటు మడమ ముప్పై ఏళ్ళు తగిలి పడ్డది. దాన్ని కూడా 600తో తీసేస్తావా?

కుర్రాడు వంగి చూశాడు. అరచేతి వెడల్పున మసకగా, నునుపుగా పల్లం. చాలాసేపు మాట్లాడలేదు.

అల్లుడు: అది వదిలేసి చుట్టూ చేస్తాను.

మావయ్య: అప్పుడు మచ్చలా ఉంటుంది.

అల్లుడు: ఉండనీ. నీకు బండి మ్యూజియంలో ఉండాలి. నాకు రోడ్డు మీద ఉండాలి.

మావయ్య: నాకు కూడా రోడ్డు మీదే ఉండాలి. అందుకే చాంబరు చూడనీ అంటున్నాను. కవర్లు నీ ఇష్టం, చాంబరు మాత్రం నా మాట. మెత్తటి లోహమది. ఎమరీతో గోకితే లోహం వెన్నలా పక్కకి జరిగి పగులు నోటిని పూడ్చేస్తుంది. పగులు ఉండనే ఉంటుంది, కనబడదు. ముందు నన్ను ఒక్క పరీక్ష చెయ్యనీ. మిషనేమీ అక్కర్లేదు. ఒసేవ్, ముగ్గు డబ్బా ఇలా పంపించు!

లోపల్నుంచి అత్త గొంతు: ముగ్గెందుకు మీకు?

జవాబివ్వకుండానే మావయ్య పని మొదలుపెట్టాడు. డీజిలుతో చాంబరు ముందువైపు జిడ్డంతా తీశాడు. పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. దాచుకున్న సీసాలోంచి రెండు చెంచాల కిరసనాయిలు తీసి, ఫ్రేముకి బోల్టు బిగించే చెవి చుట్టూ పట్టించాడు. అరగంట. ఈలోపు టీ రెండోసారి వచ్చింది. తరవాత పైపైన కిరసనాయిలంతా శుభ్రంగా తుడిచేసి, ముగ్గుపిండిని పల్చటి పంచె గుడ్డలో మూటకట్టి, పసిపిల్లకి పౌడరు అద్దినట్టు అద్దాడు. చెవి చుట్టూ లోహం తెల్లగా అయిపోయింది. ఇరుసులకీ రాడ్లకీ రైల్వేలు వెనకటికి ఇలాగే నూనె, సుద్దతో పగుళ్ళు పట్టేవట. లోపలికి పోయిన నూనె మెల్లగా సుద్దలోకి ఊరుతుంది.

అల్లుడు: ఏమీ లేదు మావా.

మావయ్య: ఆగు.

వీధిలో ఎవరో విశ్వకర్మ పూజ గాలిపటం ఇప్పట్నుంచే ఎగరేస్తున్నారు. కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు. నేనూ వంగాను. తెలుపులో మొదట ఏమీ లేదు. తరవాత బోల్టు కంత పక్కనుంచి కిందికి, బూడిదరంగు తడి గీత ఒకటి, పెన్సిలుతో గీసి సగం చెరిపినట్టు. చిటికెనవేలి గోరంత పొడుగు. చూస్తుండగానే ముదిరింది.

మావయ్య చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, గీత మొదట ఒక చుక్క, చివర ఒక చుక్క పెట్టాడు.

అల్లుడు: అతుకుతుందా?

మావయ్య: ఆర్గాన్ వెల్డింగు తెలిసినవాడికి చూపించాలి. నూనె తాగిన పాత అల్యూమినియం అంత సులువుగా అతకదు. పూజకి బండి నిలబెట్టుకో, బొట్టు పెట్టు, దండ వెయ్యి. కిక్కు మాత్రం కొట్టకు.

అల్లుడు: ముగ్గు తుడిచెయ్యనా?

మావయ్య: ఒగ్గేయ్. వెల్డరు చూసేదాకా ఉండనీ.

అత్త డబ్బా కోసం పెరట్లోకి వచ్చింది. బండి వంక, మొగుడి వంక, మేనల్లుడి వంక చూసింది.

"ముగ్గేశారు గాని, చుక్కలేవీ?"

"ఉన్నాయి," అన్నాడు మావయ్య. "రెండు."